రెండు స్టార్ల బాబాయ్

కార్తీక్ అడిగింది ఒక్కటే. "సింగిల్ రూమ్ ఉందాండి?"

టేబుల్ అవతల కూర్చున్న పెద్దమనిషి కళ్లజోడు సర్దుకున్నారు. నీళ్లు కారుతున్న బ్యాగ్ వంకా, అంతకంటే ఎక్కువగా కారుతున్న కార్తీక్ వంకా ఆప్యాయంగా చూసి, "మీ ఇంటిపేరేంటండి?" అన్నారు.

"ముదునూరి. రూమ్ ఉందాండి?"

"ముదునూరి వారా. ఏ ఊరి ముదునూరి వారండి?"

"పిఠాపురం. ఏసీ లేకపోయినా పర్వాలేదండి."

"అమ్మగారి పుట్టిల్లు?"

గది కోసం వచ్చాడా, పెళ్లిచూపులకి వచ్చాడా అని కార్తీక్‌కే అనుమానం వచ్చింది.

అది రెండువేల ఎనిమిది, శ్రావణమాసం. భీమవరంలో ఏ లాడ్జి చూసినా పెళ్లివారే. రొయ్యల మేత కంపెనీల్లో స్టాక్ లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టడానికి హైదరాబాద్ నుంచి వచ్చాడు కార్తీక్. ఎక్కడా గది దొరక్కపోతే ఒక ఆటో అతను జాలిపడి, ఉండి ఊరెళ్లే రోడ్డులో చేపల చెరువుల మధ్య ఉన్న ఈ 'రత్నా గెస్ట్ హౌస్' ముందు దించి వెళ్లిపోయాడు. బయట వాన దంచుతోంది.

"అమ్మ పుట్టిల్లు ఆకివీడండి," అన్నాడు కార్తీక్.

"ఆకివీడా. అయితే అమ్మగారికి అక్కగారు ఒకరుండాలే. ఆవిణ్ణి ఉండి ఊరికి ఇచ్చారు."

"మా పెద్దమ్మ. మీకెలా తెలుసండి?"

పెద్దమనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "మీ పెద్దమ్మగారూ మా పిన్నిగారూ తోటికోడళ్లండి. అంటే మీరు నాకు తమ్ముడి వరస. ఇహ నాన్నగారి వైపు నుంచి చూస్తే, మీ నాయనమ్మగారిది ఏ ఊరు..."

"సార్, బాగా తడిసిపోయానండి. తాళం ఇప్పిస్తే మిగతావి తర్వాత చెప్తాను."

ఆయన పేరు కలిదిండి శ్రీరామరాజు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు సంబంధం అనుకున్నా ముందు ఆయన దగ్గరికే వస్తారు, వరస కుదురుతుందా లేదా అని అడగడానికి. ఆయన చెప్పిన వరస తప్పిందన్నవాళ్లు ఇంతవరకు లేరు. మనిషి మెత్తనివారే గానీ, ఆ ఒక్క విషయంలో కాస్త గర్వం ఉంది.

"సత్యమ్మా, మీ బాబాయ్ గారికి నాలుగో నంబర్ తాళం ఇవ్వండమ్మా," అని కేకేశారు. ఆ ఇంట్లో కన్నకూతుర్ని కూడా మీరు అనే పిలుస్తారు.

కంప్యూటర్ వెనకనుంచి ఒకమ్మాయి లేచింది. పెదాలు బిగించి నవ్వు ఆపుకుంటోంది గానీ, కళ్లు మాత్రం ఆపుకోలేకపోతున్నాయి.

"రండి బాబాయ్ గారండి."

"చూడండి, నా వయసు ఇరవై ఆరు. మీకంటే మహా అయితే రెండేళ్లు పెద్ద," అన్నాడు కార్తీక్ మెట్లెక్కుతూ.

"వరసకి వయసుతో పనేముందండి. మా వీధిలో యూకేజీ చదివే అబ్బాయిని నేను మావయ్యగారండి అంటాను. ఆయన పలుకుతారు కూడా."

తాళం చేతికిచ్చి, తడి జడ వెనక్కి విసురుకుని సత్యశ్రీ వెళ్లిపోయింది. కార్తీక్ తలుపు తీయడం మర్చిపోయి కాసేపు అక్కడే నిలబడ్డాడు.

హైదరాబాద్‌లో అతను ఒకే గదిలో మరో నలుగురితో ఉంటాడు. ఈ టూర్ కోసం ఎదురుచూసిందే తలుపేసుకుని ఒంటరిగా పడుకోవడానికి. పక్క మీద వాలాడో లేదో తలుపు చప్పుడైంది. కాఫీ. మళ్లీ వాలాడు. దోమల చక్రం. ఆ తర్వాత సత్యశ్రీ వాళ్లమ్మగారు రత్నమాణిక్యం స్వయంగా రొయ్యల వేపుడు తెచ్చి, భోజనానికి ఇంకా టైముంది కదా, ఈలోపు రుచి చూడండి అన్నారు. ఆవిడ వెళ్లగానే, ఫ్యాన్ బాగా తిరుగుతోందా అని శ్రీరామరాజు గారు. చివరికి ఉండి నుంచి పెద్దమ్మ ఫోన్.

"ఏరా, గుమ్మం దాకా వచ్చి నన్ను చూడకుండా పోదామనుకున్నావా? మా రాజుగారు ఫోన్ చేయబట్టి తెలిసింది."

మర్నాడు పొద్దున్న కిటికీ తీస్తే సన్నగా తుప్పర. సత్యశ్రీ ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో వరండాలో తడుస్తున్న కుర్చీలు లోపలికి లాగుతోంది. గొడుగు ఆమెకి తప్ప అన్నిటికీ అడ్డం పడుతోంది. కార్తీక్ అలాగే చూస్తుండిపోయాడు.

"ఏంటి బాబాయ్ గారండి, అలా చూస్తున్నారు. పెసరట్లు రెండా, మూడా?"

"ఒకటి చాలు."

నాలుగొచ్చాయి. నాలుగూ తిన్నాడు.

వెళ్లేటప్పుడు ఆమె కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది. "మా గెస్ట్ హౌస్‌ని ఊరూరా డాట్ కామ్‌లో పెట్టానండి. మీరు రివ్యూ రాయాలి."

"ఎలా రాయమంటారు?"

"ఉన్నదున్నట్టు రాయండి. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని. ముఖస్తుతి నాకు నచ్చదు."

ఆమె మామూలుగా అన్నట్టే అంది గానీ, ఆ పేజీ మీద ఆమె పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. ఆ బిల్డింగ్ శ్రీరామరాజు గారిదీ, ఆయన అన్నగారు జీవరాజు గారిదీ ఉమ్మడి ఆస్తి. జీవరాజు గారు మంచివారే, కానీ ఖాళీ గది చూస్తే ఆయనకి మేత బస్తాలే కనిపిస్తాయి. ఫీడ్ కంపెనీ వాళ్లు గోడౌన్‌కి ఇమ్మని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. విశాఖపట్నంలో టూరిజం కోర్సు చదివొచ్చిన సత్యశ్రీ, దసరా దాకా టైమివ్వండి పెదనాన్నగారండి, గదులు నింపి చూపిస్తాను అని బతిమాలుకుంది. దసరాకి గదులు నిండకపోతే అది గోడౌన్. అదీ ఒప్పందం.

కార్తీక్‌కి ఇవేవీ తెలియవు. హైదరాబాద్ వెళ్లాక ఒకరోజు ఆఫీసులో కూర్చుని, ఆమె చదివి నవ్వాలని ఊహించుకుంటూ రాశాడు. ఇంగ్లీషులో రాసిందే గానీ, మనం తెలుగులో చెప్పుకుందాం.

'భోజనం: పదికి పదకొండు. శుభ్రత: పదికి పది. ప్రైవసీ: సున్నా. అడుగుపెట్టిన పది నిమిషాల్లో ఓనర్ గారు నన్ను తమ్ముణ్ణి చేసుకున్నారు. ఆ వెంటనే ఓనర్ గారి అమ్మాయి బాబాయ్ అంది. తలుపు వేసుకుందామంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి పెట్టడానికి వస్తారు. ఒంటరిగా ఉండాలనుకునేవాళ్లు ఇటు రాకండి. చుట్టాలు లేనివాళ్లు రండి. రెండు స్టార్లు.'

మర్నాడే జవాబు వచ్చింది.

'గౌరవనీయులైన బాబాయ్ గారికి, మీ ప్రైవసీకి భంగం కలిగించిన రొయ్యల వేపుడు మీరు రెండుసార్లు అడిగి వేయించుకున్నారని మా అమ్మగారు చెబుతున్నారు. ఈసారి వస్తే మీ తలుపు ఎవరూ తట్టరు. ఆకలేస్తే మీరే వంటింటికి రండి. ఇట్లు, మేనేజ్‌మెంట్.'

కార్తీక్ పగలబడి నవ్వాడు. 'మేనేజ్‌మెంట్ గారికి, రెండుసార్లు కాదు, మూడుసార్లు. దయచేసి వాస్తవాలు రాయండి. స్టార్లు మాత్రం మార్చను,' అని రాశాడు.

ఆ తర్వాత ఆమె నుంచి ఏమీ రాలేదు. వారం తర్వాత ఫోన్ వచ్చింది. రిజిస్టర్‌లో అతను రాసిన నంబర్‌కి.

"నేనండి, సత్యశ్రీని. మీ రివ్యూ చదివి రెండు బుకింగ్‌లు క్యాన్సిల్ చేసుకున్నారండి. ఒకరు కొత్తగా పెళ్లయిన జంట. ప్రైవసీ సున్నా అన్నాక ఎవరొస్తారు? నిన్న మా పెదనాన్నగారు టేపు పట్టుకొచ్చి గదులు కొలిచి వెళ్లారు."

గోడౌన్ సంగతి, దసరా గడువు అంతా చెప్పింది. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది కార్తీక్‌కి. తను సరదాగా రాసిన నాలుగు ముక్కలు ఒక మనిషి కలకి ఇలా అడ్డం పడతాయని అతనికి తట్టనే లేదు.

"ఇప్పుడే తీసేస్తానండి."

"తీయకండి. ఉన్నదున్నట్టు రాయమన్నది నేనే. తీసేస్తే మేమే తీయించామనుకుంటారు. అసలు ప్రైవసీ అంటే ఎలా ఇవ్వాలో చెప్పండి. నిజంగా మా ఇంట్లో ఎవరికీ తెలియదండి."

"ప్రతి గదికీ 'డు నాట్ డిస్టర్బ్' బోర్డు పెట్టండి. అది తలుపుకి తగిలిస్తే ఎవరూ తట్టకూడదు."

బోర్డులు వచ్చాయి. మూడో రోజు సాయంత్రం మళ్లీ ఫోన్.

"ఏవండి, మీ బోర్డు పని చేయలేదండి. రెండో నంబర్ ఆయన బోర్డు తగిలించుకుని పడుకున్నారు. ఒంట్లో బాగోలేదేమోనని మా అమ్మగారు మిరియాల చారు కాచి పట్టుకెళ్లారు."

"ఆయనేమన్నారు?"

"ఇంకో గ్లాసు అడిగారట."

అలా మొదలైంది. సలహాల పేరుతో రోజూ సాయంత్రం ఒక ఫోన్. గదుల సంగతి అయ్యాక చెరువుల మీద వాన సంగతి, ఆ తర్వాత హైదరాబాద్‌లో కార్తీక్ రూమ్మేట్ మాడ్చిన పప్పు సంగతి. మరోపక్క సైట్‌లో ఆ రెండు స్టార్ల కింద వాళ్లిద్దరి వాదన మళ్లీ మొదలై సాగుతూనే ఉంది. దాన్ని చదివేవాళ్లు ఎక్కువయ్యారు. ఎవరో బెంగళూరావిడ, మేనేజ్‌మెంట్ గారూ, ఈ బాబాయ్‌ని వదలకండి అని కూడా రాసింది.

ఆ చదివినవాళ్లలో కొందరు నిజంగానే బ్యాగులు సర్దుకుని వచ్చారు. చుట్టాలు లేనివాళ్లు రండి అన్న ఆ ఒక్క వాక్యం పట్టుకుని వచ్చినవాళ్లే ఎక్కువ. మద్రాసు నుంచి ఒక బ్యాంకాయన వచ్చాడు. ఆయన భార్యది నరసాపురం అని తెలియగానే శ్రీరామరాజు గారు ఆయన్ని తోడల్లుణ్ణి చేసేశారు. కలకత్తా నుంచి ఒక రిటైరైన టీచర్ల జంట వచ్చారు. ఎంత తవ్వినా ఏ లంకె దొరక్కపోయేసరికి, ఆవిణ్ణి చెల్లెమ్మా అనేసి చేతులు దులుపుకున్నారు. ఇళ్లకి వెళ్లాక అందరూ రివ్యూలు రాశారు. 'మా శ్రీరామరాజు అన్నయ్య గెస్ట్ హౌస్ లాంటిది ఇంకోటి లేదు.' 'మా తోడల్లుడి గారింట్లో చేపల పులుసు తినకపోతే వృథా.' 'మావయ్యగారూ, మళ్లీ వస్తాం.' అన్నీ ఐదేసి స్టార్లు.

దసరాకి గదులన్నీ బుక్ అయ్యాయి. జీవరాజు గారి టేపు మళ్లీ కనిపించలేదు.

అంతా బాగుందనుకుంటుండగా ఊరూరా డాట్ కామ్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. మీ పేజీలో రివ్యూలు ఓనర్ బంధువులు రాసినవని తేలింది, నియమాల ప్రకారం పేజీ తొలగించాం, దాని ద్వారా చేసిన బుకింగ్‌లు రద్దు చేస్తున్నాం అని.

సత్యశ్రీ ఫోన్ చేసి ఆ మెయిల్ మొత్తం చదివి వినిపించింది. "వాళ్లెవరూ మాకు ఏమీ కారండి. ఒట్టి గెస్టులు. ఈ మాట నేను ఎవరికి చెబితే నమ్ముతారు?"

"నేనొస్తున్నాను," అన్నాడు కార్తీక్.

మర్నాడు పొద్దున్న అతను దిగేసరికి వరండాలో జీవరాజు గారు, ఆయన పక్కన ఫీడ్ కంపెనీ మేనేజరు ఉన్నారు. బస్తాలు దింపడానికి లారీ ఏ వైపు నుంచి రావాలో చూసుకుంటున్నారు. దసరా పండక్కని వచ్చిన సత్యశ్రీ అమ్మమ్మ సంపూర్ణమ్మ గారు కుర్చీలో కూర్చుని ఆ మేనేజర్‌ని గుడ్లురిమి చూస్తున్నారు. సత్యశ్రీ కళ్లు ఉబ్బి ఉన్నాయి. కార్తీక్ ఆమెని అలా చూడలేకపోయాడు.

సైట్ వాళ్ల ఆఫీసుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అదృష్టం కొద్దీ ఎత్తినావిడ తెలుగావిడ.

"అన్నయ్య, తోడల్లుడు, మావయ్య అని వాళ్లే రాశారు కదండి. బంధువులు కారంటారేంటి?"

"కారండి. ఒక్కరు కూడా కారు," అంది సత్యశ్రీ.

అంతసేపూ ఓపిక పట్టిన శ్రీరామరాజు గారు ఫోన్ దగ్గరికి వంగారు. "ఎందుకు కారండి? ఆ మద్రాసాయన నాకు సాక్షాత్తు తోడల్లుడి వరస. కావాలంటే చెప్తాను రాసుకోండి, వాళ్లావిడ మేనత్తగారిని..."

"చూశారా, ఆయనే ఒప్పుకుంటున్నారు," అంది అవతలావిడ.

రత్నమాణిక్యం గారు భర్త చేయి పట్టుకుని వెనక్కి లాగారు. కార్తీక్ ఫోన్ ముందుకి జరిగాడు.

"మేడమ్, ఆ పేజీలో మొట్టమొదటి రివ్యూ ఒక్కసారి చదవండి. రెండు స్టార్లది."

అవతల కీబోర్డ్ చప్పుడు. కాసేపటికి చిన్న నవ్వు, తర్వాత ఆపుకోలేని నవ్వు. "అడుగుపెట్టిన పది నిమిషాల్లో తమ్ముణ్ణి చేసుకున్నారా? అంటే ఈయన ప్రతి గెస్టుకీ ఇలాగే వరస కలుపుతారా?"

"ఇంతవరకు ఒక్కరు కూడా తప్పించుకోలేదండి. బంధువైతే నేను రెండు స్టార్లు ఎందుకిస్తాను?"

"ఆ బాబాయ్ మీరేనా? సరే, రికార్డు కోసం అడుగుతున్నాను, సూటిగా చెప్పండి. మీరు ఓనర్ గారికి తమ్ముడు అవుతారా, అవరా?"

కార్తీక్ సత్యశ్రీ వంక చూశాడు. ఆమె కూడా అతని వంకే చూస్తోంది.

"అవనండి. ఇప్పుడు కాదు, ఎప్పటికీ అవను."

పేజీ మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది. బుకింగ్‌లూ వచ్చాయి. ఆ రోజు లారీ దారి కొలిచిన మేనేజర్ రాత్రికి ఉండిపోదామని గది అడిగితే, ఖాళీ లేదని జీవరాజు గారే చెప్పాల్సి వచ్చింది. చెప్పి, తమ్ముడి కూతురి తల నిమిరి, ఇక గోడౌన్ మాట ఎత్తనమ్మా అని వెళ్లిపోయారు.

శ్రీరామరాజు గారు మాత్రం కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారు.

"మా వరస తప్పంటారా కార్తీక్ గారు?" తమ్ముడూ అనలేదు, కార్తీక్ గారు అన్నారు.

"తప్పని కాదండి. ఆ వరస నాకు పనికిరాదు."

"తమ్ముడి వరస ఎందుకు పనికిరాదండి? అందులో ఏం లోటు?"

కార్తీక్ తలొంచుకున్నాడు. సత్యశ్రీ అంతకుముందే తలొంచుకుంది. ఇద్దరినీ చూసిన రత్నమాణిక్యం గారికి విషయం అర్థమైంది. వరసలన్నీ తెలిసిన శ్రీరామరాజు గారికే అర్థం కాలేదు.

"ఏవండి, మీరు కాసేపు చెరువు దాకా వెళ్లి రండి," అన్నారావిడ.

వరండాలో ఇద్దరే మిగిలారు. వాన మళ్లీ మొదలైంది.

"నాకు మీరంటే ఇష్టమండి," అన్నాడు కార్తీక్. దారిలో చాలా మాటలు కూర్చుకున్నాడు గానీ చివరికి అదే వచ్చింది. "ఇంకెప్పుడూ నన్ను బాబాయ్ అని పిలవకండి. నేను పలకలేను."

"నేను పిలిచి ఎన్నాళ్లయిందో ఒకసారి గుర్తు చేసుకోండి."

కార్తీక్ గుర్తు చేసుకున్నాడు. సైట్‌లో అందరి ముందూ బాబాయ్ గారికి అని రాసేది. ఫోన్‌లో మాత్రం మొదటి రోజు నుంచీ 'ఏవండి' అనే పిలిచింది. అతనికి ఒళ్లంతా వెచ్చగా అయింది.

"ముందే చెప్పొచ్చు కదా."

"ప్రైవసీ కావాలన్నారు కదా, డిస్టర్బ్ చేయకూడదని ఊరుకున్నాను." నవ్వబోయి, అంతలోనే ఆగిపోయింది. "కానీ నాన్నగారి నోట్లోంచి ఆ మాట వచ్చేసిందండి. ఉండిలో మీ పెద్దమ్మగారికీ చెప్పారు, ఊళ్లో అందరికీ చెప్పారు. ఆ వరసలో మనకి పెళ్లంటే నలుగురూ ఏమంటారు?"

"అబ్బాయీ," అని లోపల్నుంచి వినిపించింది. సంపూర్ణమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారని ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది. "మీ నాయనమ్మ పేరేంటి?"

"సుభద్రాయమ్మ గారండి."

"వీరవాసరం సుభద్రా?"

"అవునండి."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "అదీ నేనూ అక్కచెల్లెళ్ల బిడ్డలం. దాన్ని పిఠాపురం ఇచ్చాక మళ్లీ చూడలేదు. అంటే మీ నాన్న మా రత్నమాణిక్యానికి అన్న కావాలి. నువ్వు దాని మేనల్లుడివి. మా సత్యకి నువ్వు బావ అవుతావు గానీ బాబాయ్ ఏంట్రా."

వచ్చిన రోజు తాళం కోసం తొందరపడకుండా ఇంకో ప్రశ్నకి జవాబు చెప్పి ఉంటే, ఆ రోజే బావ అయిపోయేవాడు. కార్తీక్‌కి తనని తాను తన్నుకోవాలనిపించింది.

అందరూ సంతోషించారు, ఒక్కరు తప్ప. చెరువు దగ్గర్నుంచి వచ్చిన శ్రీరామరాజు గారు అత్తగారు చెప్పిందంతా విన్నారు. కాదనడానికి వీల్లేదు. తోటికోడళ్ల లంకె కంటే రక్తసంబంధం దగ్గరిది. ఆయనకి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు.

"తమ్ముడని నలుగురిలో చెప్పానండి," అన్నారు చివరికి. "చెప్పిన వరస నేనే మార్చుకుంటే, రేపు నా మాట నమ్మి ఎవరు సంబంధం కలుపుకుంటారు? నా వల్ల కాదు."

కార్తీక్ ఆ సాయంత్రం రైలెక్కాడు. భోజనం చేయకుండా వెళ్లడానికి మాత్రం రత్నమాణిక్యం గారు ఒప్పుకోలేదు.

రెండు రోజులుగా గెస్టులు వస్తున్నారు, ఎవరినీ ఇంటిపేరు అడగకుండానే శ్రీరామరాజు గారు తాళాలు ఇస్తున్నారు. మూడో రోజు సత్యశ్రీ ఆయన పక్కన కూర్చుంది.

"నాన్నగారండి, గెస్ట్ హౌస్ కోసం మీతో పోట్లాడాను. పెదనాన్నగారితో పోట్లాడాను. దీని కోసం పోట్లాడను. మీ మాట పోవడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆయన్ని బాబాయ్ అని మాత్రం పిలవలేను. ఇంకెప్పుడూ ఇటు రావద్దని చెప్పేస్తాను. ఆ పిలుపు ఒక్కటీ మీరు నాకు వదిలేయండి."

ఆయన కూతురి మొహంలోకి చూశారు. ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే సముదాయించేవారు. లేచి పంచె సర్దుకుని కంప్యూటర్ దగ్గరికి నడిచారు.

"దీన్ని ఎలా తెరుస్తారమ్మా?"

హైదరాబాద్‌లో కార్తీక్ ఆఫీసు కంప్యూటర్‌లో ఒక మెయిల్ వచ్చి పడింది. మీ రివ్యూకి కొత్త జవాబు వచ్చింది అని. తెరిచాడు. ఈసారి ఇంగ్లీషు లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చమైన తెలుగు.

'కార్తీక్ గారికి, మీరు వచ్చిన రోజు మీ నాన్నగారి వైపు అడిగి తెలుసుకోకుండానే వరస చెప్పాను. తప్పు నాది. వరసల విషయంలో నా మాట తప్పడం ఇదే మొదటిసారి. మీరు నాకు తమ్ముడు కారు, అల్లుడు. తప్పు నలుగురిలో చెప్పాను కాబట్టి, దిద్దుబాటు అంతకంటే ఎక్కువమంది చదివే చోట రాయిస్తున్నాను. దసరా వెళ్లాక అమ్మగారినీ నాన్నగారినీ తీసుకుని రండి. గదులు ఖాళీ లేవు, మా ఇంట్లోనే దిగాలి. ఇట్లు, కలిదిండి శ్రీరామరాజు.'

దాని కింద ఇంకో వాక్యం ఉంది. 'నాన్నగారు చెప్పింది చెప్పినట్టు టైప్ చేశాను. ఒక్క ముక్క కూడా కలపలేదు. ఇట్లు, మేనేజ్‌మెంట్.'

కార్తీక్ కళ్లు మసకబారాయి. కూతురి కోసం ఆ పెద్దమనిషి వదులుకున్నదేమిటో అతనికి తెలుసు. లోకం మొత్తం చదివే చోట, తనకున్న ఆ ఒక్క గర్వాన్నీ ఆయన తన చేత్తోనే తీసి పక్కన పెట్టేశారు.

ఫోన్ మోగింది.

"చదివారా?" అంది సత్యశ్రీ.

"చదివాను."

"ఏమంటారు మరి?"

"నా నోట మాట రావట్లేదండి."

"సర్లెండి, నాన్నగారు మాట్లాడతారట. పక్కనే ఉన్నారు."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు. ఆయన ఏమని పిలుస్తారో అని కార్తీక్ ఊపిరి బిగబట్టాడు.

"అల్లుడుగారండి," అన్నారు శ్రీరామరాజు గారు. "ఏ రైలుకి వస్తారో చెప్పండి. స్టేషన్‌కి నేనే వస్తాను."